ఆ మైనస్ 143 ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ మధ్య మన ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఫేజ్ నాయిస్ (సిగ్నల్ అలల లయలో వచ్చే చిన్న చెదురు) కొలవడమంటే కేబుల్ తగిలించి, బటన్ నొక్కి, తెర మీద గీత పడేదాకా ఆగడమే. గీత పడుతుంది, దాని పక్కన అంకె పడుతుంది, ఆ అంకె రికార్డులోకి ఎక్కుతుంది. మైనస్ 143 డెసిబెల్స్ అని రాసుకున్న విద్యార్థిని ఆ 143 ఎక్కడి నుంచి వచ్చిందని వైవాలో అడిగితే, "మెషీన్ చూపించింది సార్" అంటాడు. ఇందులో అతని తప్పేమీ లేదు. అతనికి మనం చూపించింది అంతవరకే. గోదావరి డెల్టాలో ఒక పాలిటెక్నిక్‌లో చాలా కాలం ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పినవాడిగా నేను ఇక్కడ వాదించదలచుకున్నది ఒక్కటే. ఫేజ్ నాయిస్ విషయంలో తెర మీది అంకెను చదవడం కొలత కాదు. ఎన్ని ఓల్టులు ఎన్ని రేడియన్లకు సమానమో తేల్చుకోవడం, ఆ ఓల్టుల్లో పరికరం సొంత నాయిస్ ఎంతో వేరు చేయడం, ఆ రెండూ కలిస్తేనే కొలత. పాత అనలాగ్ పరికరాలతో ఈ రెండు పనులనూ తప్పించుకోవడం కుదరదు. అందుకే వాటిని తుక్కు కింద తూకానికి వేయడం మన కాలేజీలు చేస్తున్న పెద్ద పొరపాటని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఏ ఆసిలేటరూ (ఆగకుండా అలలు పుట్టించే సర్క్యూట్) ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గరే కదలకుండా నిలవదు. 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ సెకనుకు కోటి సార్లు కంపిస్తుంది గాని, ప్రతి కంపనమూ అనుకున్న క్షణానికే సున్నాను దాటదు. ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక. ఈ చెదురే ఫేజ్ నాయిస్. దీన్ని స్పెక్ట్రమ్‌లో, అంటే ఫ్రీక్వెన్సీల వారీగా చూస్తే, క్యారియర్‌కు (అసలు సిగ్నల్‌కు) రెండు పక్కలా పరుచుకుని కనిపిస్తుంది. క్యారియర్ నుంచి ఫలానా దూరంలో (ఈ దూరమే ఆఫ్‌సెట్), ఒక్క పక్క, 1 హెర్ట్జ్ వెడల్పులో ఉన్న నాయిస్ పవర్ మొత్తం క్యారియర్ కంటే ఎన్ని డెసిబెల్స్ తక్కువో చెప్పడమే వాడుకలో ఉన్న లెక్క. దీన్ని ఎలా నిర్వచించాలి, ఎలా కొలవాలి అన్న చర్చకే 1964 నవంబరులో అమెరికాలోని గొడార్డ్ అంతరిక్ష కేంద్రంలో ఐఈఈఈ, నాసా కలిసి ఒక సదస్సు పెట్టాయి. ఆసిలేటర్ నాయిస్ ఆకారాన్ని వివరించిన లీసన్ పత్రం, అణు గడియారాల నిలకడను లెక్కగట్టే పద్ధతిని ఇచ్చిన డేవిడ్ ఆలన్ పత్రం 1966 ఫిబ్రవరిలో ఐఈఈఈ ప్రొసీడింగ్స్ ఒకే సంచికలో వచ్చాయి. ఈ రంగానికి పునాది పడిన రోజుల్లో ఇంజినీర్ల బల్లల మీద ముల్లు మీటర్లు, మిక్సర్లు, ఆసిలోస్కోపులే ఎక్కువ.

మైనస్ 143 డెసిబెల్స్ అంటే క్యారియర్ పవర్‌లో సుమారు రెండు వందల లక్షల కోట్లలో ఒక వంతు. అంత పెద్దదాన్నీ అంత చిన్నదాన్నీ ఒకేసారి చూడగలిగే రిసీవర్ దొరకడం కష్టం. కాబట్టి నేరుగా చూడడం తప్ప మిగతా పాత పద్ధతులన్నింటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే: ముందు క్యారియర్‌ను దారి నుంచి తప్పించాలి, మిగిలినదాన్ని పెద్దది చేసి చూడాలి. ఎలా తప్పించారన్నదే ఒక పద్ధతికీ ఇంకో పద్ధతికీ ఉన్న తేడా.

ఇదంతా మన ప్రాంతానికి దూరపు విషయం కాదు. తుపాను కాలంలో మన తీరాన్ని కనిపెట్టి ఉండే మచిలీపట్నం, విశాఖపట్నం డాప్లర్ రాడార్లు వాన చినుకుల వేగాన్ని లెక్కగట్టేది వరుసగా వచ్చే ప్రతిధ్వనుల మధ్య ఫేజ్ తేడాను బట్టే. 10 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర సెకనుకు 10 మీటర్ల వేగంతో వచ్చే చినుకు పుట్టించే డాప్లర్ మార్పు 200 హెర్ట్జ్ మాత్రమే. నేల మీది కట్టడాల నుంచి వచ్చే బలమైన ప్రతిధ్వని రాడార్ సొంత ఆసిలేటర్ నాయిస్ వల్ల పక్కలకు పరుచుకుంటే, ఆ 200 హెర్ట్జ్ దాని కింద మునిగిపోతుంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడిన తుపానును చూసినవాళ్లకు రాడార్ తెర మీది రంగుల విలువ వేరే చెప్పనవసరం లేదు. ఆ రంగులు ఎంతవరకు నిజమన్నది ఒక ఆసిలేటర్ శుభ్రత మీద ఆధారపడి ఉందని మన పిల్లలకు తెలియాలి.

పద్ధతుల్లో అన్నిటికంటే సులువైనది స్పెక్ట్రమ్ అనలైజర్‌తో నేరుగా చూడడం. హ్యూలెట్ ప్యాకర్డ్ 141టీ మెయిన్‌ఫ్రేమ్, అందులో 8552బీ, 8553బీ ప్లగిన్‌లు ఒకప్పుడు చాలా ల్యాబుల్లో ఉండేవి. క్యారియర్‌ను తెర పైగీతకు సర్ది, 20 కిలోహెర్ట్జ్ అవతల నాయిస్ ఎంత కింద ఉందో చదవాలి. 1 కిలోహెర్ట్జ్ ఫిల్టర్‌తో అది 85 డెసిబెల్స్ కింద కనిపించిందనుకుందాం. 1 కిలోహెర్ట్జ్ వెడల్పును 1 హెర్ట్జ్‌కు తెస్తే మరో 30 తగ్గి మైనస్ 115 అవుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ ఆనాటి ఫిల్టర్‌కు నాయిస్ దృష్ట్యా ఉండే వెడల్పు దాని మీద రాసిన అంకె కంటే సుమారు 1.2 రెట్లు, అందుకు 0.8 డెసిబెల్ తీసేయాలి. లాగ్ ఆంప్లిఫయర్ తర్వాత సగటు తీస్తే నాయిస్ అసలు కంటే 2.5 డెసిబెల్స్ తక్కువగా కనిపిస్తుంది, దాన్ని కలపాలి. అన్నీ పోను వచ్చేది మైనస్ 113.3.

ఆ 2.5 దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే పాఠం చెప్పేవాడికి అంతకంటే మంచి అవకాశం దొరకదు. నాయిస్ ఎన్వలప్ (అల ఎత్తు హెచ్చుతగ్గులు) రేలీ పంపిణీ అనే గణిత సూత్రాన్ని అనుసరిస్తుంది. దాన్ని మామూలు స్కేలు మీద సగటు చేస్తే, వృత్తాల లెక్కలోని π (పై)లో నాలుగో వంతును లాగరిథమ్‌లోకి మార్చినప్పుడు వచ్చే 1.05 డెసిబెల్ తేడా వస్తుంది. లాగ్ స్కేలు మీద సగటు చేస్తే తేడా 2.51కి పెరుగుతుంది, అది ఆయిలర్ స్థిరాంకం 0.5772ను 4.343తో హెచ్చిస్తే వచ్చే అంకె. గణితం పుస్తకంలో ఎక్కడో అనంత శ్రేణుల అధ్యాయంలో చదివి మరిచిపోయిన స్థిరాంకం, బల్ల మీది పరికరం ముల్లును రెండున్నర డెసిబెల్స్ కిందికి లాగుతోందని తెలిసిన పూట విద్యార్థి ఆ స్థిరాంకాన్ని ఇక మరిచిపోడు. కొత్త అనలైజర్‌లో నాయిస్ మార్కర్ నొక్కితే ఈ సవరణలన్నీ లోపలే జరిగిపోతాయి. జరిగిపోవడం మంచిదే. కానీ జరిగాయన్న సంగతి కూడా తెలియకపోవడం మంచిది కాదు.

ఈ నేరు పద్ధతికి రెండు హద్దులున్నాయి. అనలైజర్ లోపలి ఆసిలేటర్ మనం కొలిచే ఆసిలేటర్ కంటే శుభ్రంగా ఉండాలి. మంచి క్రిస్టల్ ముందు అది ఎప్పుడూ ఓడిపోతుంది. రెండోది, తెర మీద కనిపించే నాయిస్‌లో ఫేజ్ వాటా ఎంత, ఆంప్లిట్యూడ్ వాటా ఎంత అన్నది ఈ పద్ధతి చెప్పలేదు.

అందుకే అసలు పని అంతా మిక్సర్‌తో, అంటే రెండు సిగ్నళ్లను హెచ్చించే సర్క్యూట్‌తో, జరిగేది. నా దృష్టిలో ఈ విషయానికి గుండెకాయ ఇదే. ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న రెండు సిగ్నళ్లను డబుల్ బ్యాలెన్స్‌డ్ మిక్సర్ రెండు పోర్టుల్లో ఇచ్చి, వాటి మధ్య 90 డిగ్రీల తేడా ఉంచితే, బయటికి వచ్చే సగటు ఓల్టేజి సున్నా. క్యారియర్ మాయమైపోతుంది. మిగిలేది ఆ 90 డిగ్రీల నుంచి అటూ ఇటూ జరిగే చిన్న చెదురు మాత్రమే, అదీ నేరుగా ఓల్టుల రూపంలో. ఆంప్లిట్యూడ్ నాయిస్ కూడా ఈ స్థితిలో చాలావరకు అణిగిపోతుంది. రెట్టింపు ఫ్రీక్వెన్సీని లోపాస్ ఫిల్టర్‌తో ఆపేసి, నాయిస్ తక్కువ ఉన్న ఆంప్లిఫయర్‌తో పెంచి, 3580ఏ లాంటి లో ఫ్రీక్వెన్సీ అనలైజర్‌కు ఇస్తే చాలు. 5 హెర్ట్జ్ నుంచి 50 కిలోహెర్ట్జ్ దాకా అది చూడగలదు.

చేతితో చేసేటప్పుడు ఇది ఎలా ఉంటుందో చెప్తాను. రెండు 10 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్లను మిక్సర్‌కు కలిపి, ఆసిలోస్కోప్‌ను డీసీ కప్లింగ్‌లో పెట్టి, ఒక ఆసిలేటర్‌ను కొద్ది హెర్ట్జ్ పక్కకు జరిపితే తెర మీద నింపాదిగా లేచి పడే ఒక అల కనిపిస్తుంది. అదే బీట్. దాని శిఖరం 0.2 ఓల్టు ఉంటే, అది శుద్ధమైన సైన్ అల అయితే, సున్నా దాటే చోట దాని వాలు రేడియన్‌కు 0.2 ఓల్టు. ఇదే కాలిబ్రేషన్. మిక్సర్ రెండు పోర్టులకూ బలంగా డ్రైవ్ ఇస్తే అల మొనలు తిరిగి త్రిభుజం వైపు పోతుంది. అప్పుడు శిఖరాన్ని నమ్మకూడదు, సున్నా దగ్గరి వాలునే తెర గళ్ల మీద కొలుచుకోవాలి. తర్వాత ట్యూనింగ్ నాబ్ తిప్పుతూ పోతే అల నెమ్మదిస్తుంది, చివరికి గీతగా మారి పైకీ కిందికీ పాకుతుంది, లూప్ (మిక్సర్ ఓల్టేజిని తిరిగి ఒక ఆసిలేటర్‌కు ఇచ్చి రెండో దానితో జత కట్టించే సర్క్యూట్) పట్టుకోగానే సున్నా మీద నిలుస్తుంది. ఆ లూప్ బలహీనంగా ఉండాలి. బలంగా ఉంటే మనం కొలవాలనుకున్న నాయిస్‌నే సరిదిద్ది మింగేస్తుంది, అనలైజర్ ఎంతో శుభ్రమైన ఆసిలేటర్‌ను చూపిస్తుంది. లూప్ బ్యాండ్‌విడ్త్ 1 హెర్ట్జ్ అయితే, అంతకు చాలా పైనున్న ఆఫ్‌సెట్‌ల దగ్గరి అంకెలే రాసుకోవాలి.

ఇప్పుడు శీర్షికలోని అంకెకు వద్దాం. ఆంప్లిఫయర్ నూరు రెట్లు పెంచాక అనలైజర్ రూట్ హెర్ట్జ్‌కు 2 మైక్రోఓల్టులు చూపిందనుకుందాం. వందతో భాగిస్తే మిక్సర్ దగ్గర 20 నానోఓల్టులు. దాన్ని 0.2తో భాగిస్తే 100 నానోరేడియన్లు. వర్గం చేసి డెసిబెల్స్‌లోకి మార్చితే మైనస్ 140. క్యారియర్‌కు రెండు పక్కలా ఉండే నాయిస్, అంటే సైడ్‌బ్యాండ్లు, కలిసి ఫేజ్‌లో చేరతాయి కాబట్టి ఒక్క పక్కకు 3 తీసేస్తే మైనస్ 143. రెండు ఆసిలేటర్లూ ఒకే రకంవి, ఒకే నాయిస్ ఉన్నవి అయితే ఒక్కొక్కదాని వాటా ఇంకో 3 తక్కువ, అంటే మైనస్ 146. ఈ గొలుసులో ప్రతి కొక్కేనికీ విద్యార్థి జవాబుదారీ. ఎవరైనా అడిగితే ఆ 143లోని ఏ మూడు ఎక్కడిదో వేలు పెట్టి చూపగలడు.

అంతటితో అయిపోలేదు. ఈ 20 నానోఓల్టుల్లో ఆంప్లిఫయర్ సొంత నాయిస్ ఎంత? దీనికి ఒక చక్కని పరీక్ష ఉంది. ఒకే ఆసిలేటర్‌ను స్ప్లిటర్‌తో రెండుగా చీల్చి, ఒక దారిలో 90 డిగ్రీల ఆలస్యం పెట్టి మళ్లీ మిక్సర్‌కే ఇవ్వాలి. రెండు దారుల్లోనూ ఉన్నది ఒకే నాయిస్ కనుక అది కొట్టుకుపోతుంది. మిగిలింది మన పరికరాలది. 10 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ 90 డిగ్రీలు ఎలా తేవాలంటే సుమారు 5 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ చాలు, ఎందుకంటే ఆ కేబుల్‌లో సిగ్నల్ కాంతి వేగంలో మూడింట రెండు వంతుల వేగంతో పోతుంది. ఫేజ్ అనేది కాగితం మీది కోణం కాదు, బల్ల మీద చుట్ట చుట్టి పెట్టిన కేబుల్ పొడవని ఇంతకంటే బాగా నేర్పే ప్రయోగం నాకు తెలియదు.

డెల్టాలో ఈ కొలతకు మరికొన్ని శత్రువులున్నాయి, వాటి గురించి చెప్పక తప్పదు. భీమవరం చుట్టుపక్కల, ఇప్పుడు కోనసీమలోనూ, రాత్రంతా రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు తిరుగుతాయి. వాటి మోటార్లు మొదలైనప్పుడల్లా లైనులో ఓల్టేజి కుంగుతుంది, తెర మీద 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర ముళ్లు లేస్తాయి. అందుకే ఆసిలేటర్లకూ మిక్సర్ ఆంప్లిఫయర్‌కూ కారు బ్యాటరీతో కరెంటు ఇవ్వడం మేలు. ఫ్యాను గాలి క్రిస్టల్‌కు తగిలితే క్యారియర్ దగ్గరి నాయిస్ పెరుగుతుంది. మీద థర్మోకోల్ పెట్టె బోర్లించాలి. రోడ్డు మీద ధాన్యం లారీ పోతే బల్ల అదురుతుంది. క్రిస్టల్‌కు అదురు అంటే ఫ్రీక్వెన్సీ మార్పే; ఒక 'జీ' త్వరణానికి నూరు కోట్లలో ఒక వంతు మారే మామూలు 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, 'జీ'లో నూరో వంతు అదురుకు, అది 100 హెర్ట్జ్ దగ్గర ఉంటే, మైనస్ 126 డెసిబెల్స్ సైడ్‌బ్యాండ్‌ను పుట్టిస్తుంది. చేతికి కూడా తెలియని అదురు అది. కింద స్పాంజి ముక్క పెట్టగానే ఆ ముల్లు కుంగిపోవడం కళ్లారా చూసిన విద్యార్థికి, అంకె అనేది పరికరం ఒక్కదానిదే కాదని, గదిది కూడానని అర్థమవుతుంది.

రెండో ఆసిలేటర్ దొరకనప్పుడు డిలే లైన్ పద్ధతి ఉంది. ఒకే సిగ్నల్‌ను చీల్చి, ఒక దారిలో పొడవైన కేబుల్ పెట్టి, మిక్సర్‌లో దాని గతంతో దాన్నే పోల్చడం. 20 మీటర్ల ఆర్‌జీ-58 ఇచ్చే ఆలస్యం సుమారు 100 నానోసెకన్లు. ఈ పద్ధతికి క్యారియర్ దగ్గర చూపు మందగిస్తుంది: 100 కిలోహెర్ట్జ్ ఆఫ్‌సెట్ దగ్గర 24 డెసిబెల్స్, 10 కిలోహెర్ట్జ్ దగ్గర 44, 1 కిలోహెర్ట్జ్ దగ్గర 64 డెసిబెల్స్ సున్నితత్వం పోతుంది. కేబుల్ పొడవు పెంచితే కేబుల్ నష్టం పెరిగి సిగ్నల్ నీరసిస్తుంది. కాబట్టి క్రిస్టల్‌కు పనికిరాదు. ఒక చోట నిలవని మైక్రోవేవ్ ఆసిలేటర్లకు, లూప్‌తో పట్టి ఉంచడం కష్టమైన వాటికి, ఇదే సరైనది.

నా వాదనకు ఎదురు వాదన ఉంది, అది బలమైనదే. పాత పద్ధతి నెమ్మది. 3 హెర్ట్జ్ ఫిల్టర్‌తో 1 కిలోహెర్ట్జ్ మేర చూడాలంటే ఒక్క స్వీప్‌కు నాలుగు నిమిషాల దాకా పడుతుంది, ఆ నాలుగు నిమిషాలూ క్వాడ్రేచర్ (ఆ 90 డిగ్రీల తేడా) జారకుండా కాచుకోవాలి. కొత్త అనలైజర్లు రెండు వేర్వేరు చానళ్లతో కొలిచి, క్రాస్ కోరిలేషన్‌తో రెండింటికీ ఉమ్మడిగా లేని నాయిస్‌ను తొలగించి, తమ సొంత ఆసిలేటర్ల కంటే కిందికి చూడగలవు. సగటుల సంఖ్య పది రెట్లు పెరిగినప్పుడల్లా 5 డెసిబెల్స్ లోతుకు పోతాయి. ఉద్యోగంలో, కర్మాగారంలో రోజుకు వందల ఆసిలేటర్లు పరీక్షించేవాడు మిక్సరూ నాబ్‌లూ పట్టుకుని కూర్చోలేడు. ఆ యంత్రాలు కావాలి, మన కాలేజీలు వాటిని కొనగలిగితే సంతోషమే.

అయితే ఆ యంత్రాల చరిత్రలోనే నా వాదనకు సాక్ష్యం ఉంది. క్రాస్ కోరిలేషన్ ఆలోచన కొత్తది కాదు, 1970లలోనే అమెరికా ప్రామాణిక సంస్థలో అనలాగ్ మిక్సర్లతో వాడినది. అదే సంస్థ పరిశోధకులు 2014లో ప్రచురించిన పనిలో, కొన్ని పరిస్థితుల్లో ఈ పద్ధతి అసలు నాయిస్‌ను ఉన్నదానికంటే చాలా తక్కువగా చూపగలదని వివరించారు. సిగ్నల్‌ను రెండుగా చీల్చే స్ప్లిటర్‌లో పుట్టే ఉష్ణ నాయిస్ రెండు చానళ్లలోకి ఎదురు గుర్తులతో చేరుతుంది. అది కొలవాల్సిన నాయిస్‌తో సమానమైన చోట రెండూ ఒకదాన్నొకటి చంపుకుని తెర మీద అందమైన లోయ ఏర్పడుతుంది. ఆ లోయ నిజం కాదు. గీతను మాత్రమే చూసేవాడు దాన్ని గొప్ప ఆసిలేటర్ అనుకుంటాడు. గది ఉష్ణోగ్రత దగ్గర ఉష్ణ నాయిస్ హెర్ట్జ్‌కు మైనస్ 174 డీబీఎమ్ (ఒక మిల్లీవాట్‌తో పోల్చిన డెసిబెల్స్), అందులో సగం ఫేజ్‌లోకి పోతే మైనస్ 177, ఇంత పవర్ ఉన్న ఆసిలేటర్ ఇంతకంటే కిందికి పోవడం కష్టం అని వేళ్ల మీద లెక్కగట్టడం అలవాటైనవాడు ఆ లోయను అనుమానిస్తాడు. ఆ అలవాటు ఎక్కడ వస్తుంది? పాత బల్ల దగ్గర వస్తుందన్నది నా అనుభవం.

అలాంటి బల్లను ఒక కాలేజీ ఖాళీ చేయడం నేను చూశాను. వేలం నాడు 8640బీ సిగ్నల్ జనరేటర్‌ను చేత్తో ఎత్తి చూసిన తుక్కు వ్యాపారి, "ఆయ్, బరువు బాగానే ఉందండి, లోపల ఇత్తడి కూడా ఉంటదండి" అన్నాడు. లోహం ఉన్న మాట నిజమే. లోపలి లోహపు కేవిటీ (అల నిలిచి మోగే బోలు గది) వల్లే ఆ జనరేటర్ తన కాలంలో 20 కిలోహెర్ట్జ్ దగ్గర మైనస్ 130 దాకా శుభ్రంగా ఉండేది, ఎందుకంటే లీసన్ లెక్క ప్రకారం రెజొనేటర్ క్యూ (అలను ఎంతసేపు నష్టపోకుండా నిలుపుకోగలదో చెప్పే కొలత) పెరిగినకొద్దీ దగ్గరి నాయిస్ తగ్గుతుంది. వ్యాపారి లోహాన్ని చూశాడు, అది అతని పని. కొనుగోళ్ల రిజిస్టరులో "పనికిరానిది" అని రాసినవాళ్లు మాత్రం ఆ లోహం ఎందుకుందో చెప్పాల్సిన వాళ్లు.

ఇంకా తుక్కుకు పోకుండా బీరువాల్లో మిగిలినవి మన జిల్లాల్లో ఉండే ఉంటాయి. అన్నీ లేకపోయినా ఫర్వాలేదు. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో వెతికితే మిక్సర్లు, క్రిస్టల్ ఆసిలేటర్లు, అటెన్యుయేటర్లు ఇప్పటికీ దొరుకుతాయి. లో ఫ్రీక్వెన్సీ అనలైజర్ స్థానంలో మంచి సౌండ్ కార్డు పెట్టినా కాలిబ్రేషన్ పాఠం చెడదు, ఎందుకంటే బీట్ వాలు కొలవడం, కేబుల్‌తో నాయిస్ ఫ్లోర్ (పరికరాల సొంత నాయిస్) చూడడం అప్పుడూ చేయాల్సిందే. మూడో సంవత్సరం విద్యార్థులకు ఒక సెమిస్టరులో ఈ ఒక్క ప్రయోగం పూర్తిగా ఇవ్వాలి: నేరు పద్ధతిలో ఒకసారి, మిక్సర్‌తో ఒకసారి, కొత్త అనలైజర్ ఉంటే దానితో ఒకసారి, మూడు అంకెలూ ఎందుకు తేడాగా వచ్చాయో రాయమని.

బీరువా తెరిచేవాళ్లకు ఒక మాట. మన ఉప్పు గాలికి కనెక్టర్ల పిన్నులు నల్లబడి ఉంటాయి. వాటిని తుడవకుండా కొలిస్తే కేబుల్ కదిలినప్పుడల్లా నాయిస్ గెంతుతుంది. ఏళ్ల తరబడి కరెంటు చూడని పరికరాన్ని నేరుగా 230 ఓల్టులకు పెట్టకూడదు. పవర్ సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను ముందు పరీక్షించి, చెడినవి మార్చి, వేరియాక్‌తో (ఓల్టేజి పెంచుతూ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) కొద్దికొద్దిగా పెంచాలి. ఓవెన్ క్రిస్టల్‌కు (ఒకే వేడి దగ్గర ఉంచే చిన్న పెట్టెలోని క్రిస్టల్) ఒక పూటంతా వేడెక్కే వ్యవధి ఇవ్వాలి. బీట్ అల చూడాల్సింది ఆ తర్వాతే.